గాలి తుపాకీకి టైటానియం పనికొస్తుందా?

నుమాయిష్‌లోనో, జాతరలోనో బెలూన్లు కొట్టే కొట్టు ఉంటుంది. పలక మీద రంగు రంగుల బెలూన్లు కట్టి పెడతారు. డబ్బులిస్తే చేతికి తుపాకీ ఇస్తారు. గురి తగిలితే బెలూన్ ఠప్పున పేలుతుంది. ఆ తుపాకీలో మందుగుండు ఉండదు. గాలే దాని బలం. అందుకే దాన్ని గాలి తుపాకీ అంటారు. ఇంగ్లీషులో ఎయిర్ రైఫిల్ అంటారు.

తుపాకీ అంటే ఇనుము, కర్ర అనే అందరూ అనుకుంటారు. కానీ గాలి తుపాకీల్లో కొన్ని భాగాలు టైటానియం అనే లోహంతో కూడా చేస్తున్నారు. ఈ లోహం పాతబస్తీకి దూరంది కాదు. చాంద్రాయణగుట్ట పక్కన కంచన్‌బాగ్‌లోనే దాన్ని కరిగిస్తారు.

మరి ఇంత గొప్ప లోహం ఉంటే తుపాకీ మొత్తం దాంతోనే చేయొచ్చు కదా? ఎందుకు చేయరు? తెలుసుకుందాం.

గాలి గుండును ఎలా తోస్తుంది?

హోలీకి పిల్లలు పిచికారీ కొడతారు. వెనక కడ్డీని నెడితే ముందు నుంచి నీళ్ళు చిమ్ముతాయి. బెలూన్ల తుపాకీ కూడా అలాంటిదే. లోపల గట్టి స్ప్రింగు ఉంటుంది. తుపాకీని మధ్యకు వంచితే స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కితే స్ప్రింగు ఒక్కసారిగా విడుస్తుంది. గాలిని ముందుకు తోస్తుంది. ఆ గాలి చిన్న సీసపు గుండును తోస్తుంది.

పోటీల్లో వాడే తుపాకీ వేరు. దానికి చిన్న సిలిండరు ఉంటుంది. అందులో గాలిని బాగా కుక్కి నింపుతారు. ఎంత బాగా అంటే, కారు టైరులో ఉండే ఒత్తిడికి దాదాపు వంద రెట్లు. ప్రతి గుండుకూ కొంచెం కొంచెం గాలి వదులుతుంది. ఇంత ఒత్తిడిని ఆపాలంటే సిలిండరు చాలా గట్టిగా ఉండాలి. చేతితో ఎత్తి పట్టుకోవాలి కాబట్టి తేలికగా కూడా ఉండాలి. టైటానియం అవసరం వచ్చేది ఇక్కడే.

టైటానియం అంటే ఏమిటి?

1791లో ఇంగ్లండులో విలియం గ్రెగర్ అనే ఆయన నల్ల ఇసుకను పరీక్షించాడు. అందులో కొత్త లోహం ఉందని కనిపెట్టాడు. అలాంటి ఇసుక మన సముద్రపు ఒడ్డున కూడా ఉంది. భీమునిపట్నం దగ్గర, శ్రీకాకుళం తీరంలో, కేరళలో ఉంది. గోడకు వేసే తెల్ల పెయింటులో ఉండే తెల్ల పొడి కూడా ఇలాంటి ఇసుక నుంచే వస్తుంది.

ఈ లోహానికి మూడు మంచి గుణాలున్నాయి.

ఒకటి, తేలిక. ఒక లీటరు చెంబు నిండా నీళ్ళు పోస్తే ఒక కిలో తూగుతాయి. అదే చెంబు నిండే అల్యూమినియం సుమారు రెండు కిలోల ఏడు వందల గ్రాములు తూగుతుంది. టైటానియం నాలుగున్నర కిలోలు తూగుతుంది. ఇనుము అయితే దాదాపు ఎనిమిది కిలోలు.

రెండు, బలం. టైటానియంలో కొంచెం అల్యూమినియం, కొంచెం వనేడియం అనే లోహం కలుపుతారు. అప్పుడు అది మంచి ఉక్కుతో సమానంగా నిలుస్తుంది. బరువు మాత్రం ఉక్కులో సగం కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది.

మూడు, తుప్పు పట్టదు. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాయాలంటే కళాయి పూయించాలి. టైటానియానికి ఎవరూ పూయక్కర్లేదు. గాలి తగలగానే దాని మీద సన్నని పొర ఏర్పడుతుంది. గీత పడినా మళ్ళీ పొర కట్టుకుంటుంది. తన కళాయి తానే పోసుకుంటుందన్నమాట. అందుకే విరిగిన ఎముకలకు, అరిగిన కీళ్ళకు వేసే లోహపు ముక్కలు కూడా దీంతో చేస్తారు. ఒంట్లో ఉన్నా అది చెడదు.

కంచన్‌బాగ్‌లో ఏం చేస్తారు?

ఇసుక నుంచి లోహం తీయడం చాలా కష్టం. ముందు ఇసుకను శుద్ధి చేస్తారు. క్లోరిన్ అనే వాయువుతో కలిపి ద్రవంగా మారుస్తారు. ఆ ద్రవాన్ని మెగ్నీషియం అనే లోహంతో కలిపితే టైటానియం విడిపోతుంది. అది చిల్లులు చిల్లులుగా ఉంటుంది. అందుకే దాన్ని స్పాంజి అంటారు. కేరళలోని చవరలో 2011లో స్పాంజి కర్మాగారం మొదలైంది. దాని పద్ధతిని తయారుచేసింది కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్ఎల్ అనే పరిశోధనశాల.

స్పాంజిని కరిగించి దిమ్మెలు చేయాలి. ఇది మామూలు కొలిమిలో కుదరదు. టైటానియం కరగాలంటే 1668 డిగ్రీల వేడి కావాలి. అంత వేడిలో గాలి తగిలితే లోహం పాడైపోతుంది. పెళుసుబారుతుంది. అందుకని గాలి తీసేసిన కొలిమిలో కరిగిస్తారు. కంచన్‌బాగ్‌లో మిధాని కంపెనీ ఈ పని చేస్తుంది. ఇది 1973లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ. ఇక్కడి లోహం రాకెట్లకు, విమానాలకు పోతుంది.

ఇన్ని పనులు చేయాలి కాబట్టే టైటానియం ధర ఉక్కు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఏ భాగానికి ఏ లోహం?

గాలి సిలిండరుకు టైటానియం బాగా పనికొస్తుంది. ఒత్తిడిని ఆపుతుంది. తేలికగా ఉంటుంది. గాలితో పాటు తేమ లోపలికి చేరినా తుప్పు పట్టదు.

కానీ గుండు పోయే గొట్టానికి ఉక్కే మేలు. గొట్టం లోపల సన్నని మెలిక గీతలు ఉంటాయి. గుండు వాటి వెంట బొంగరంలా తిరుగుతూ వెళ్తుంది. అందుకే నేరుగా పోతుంది. టైటానియంలో అలాంటి గీతలు కోయడం కష్టం. పనిముట్టుకు అంటుకుంటుంది. పనిముట్టు త్వరగా మొండిబారుతుంది.

మీట దగ్గర ఒకదానితో ఒకటి రాసుకునే చిన్న భాగాలుంటాయి. అక్కడా టైటానియం పనికిరాదు. రాపిడికి అది పట్టేసుకుంటుంది. గట్టి ఉక్కు అయితే నున్నగా జారుతుంది.

ఇంకొక సంగతి. పోటీలో మరీ తేలిక తుపాకీ మంచిది కాదు. చేయి కాస్త వణికినా తేలిక తుపాకీ కదిలిపోతుంది. బరువుగా ఉంటే నిలకడగా ఉంటుంది. అలాగని ఎంత బరువైనా పెట్టనివ్వరు. ఐదున్నర కిలోలు దాటకూడదని నియమం. గురి పది మీటర్ల దూరంలో ఉంటుంది. నడిమి చుక్క అర మిల్లీమీటరే. ఆవగింజ కంటే చిన్నది! హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే కంచు పతకం గెలిచాడు. 2018కి ముందు పెద్ద పోటీల్లో మగవాళ్ళకు 60 గుండ్లు, ఆడవాళ్ళకు 40 గుండ్లే ఇచ్చేవారు. 2018 నుంచి ఇద్దరికీ 60 గుండ్లే. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పిస్తోలుతో గురి పెడుతుంది. 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది.

కాబట్టి మంచి తుపాకీ అంటే ఖరీదైన లోహంతో చేసింది కాదు. ఒక్కో పనికి తగిన లోహం పెట్టి చేసింది. రొట్టెకు ఇనుప పెనం, నీళ్ళకు రాగి బిందె ఎంచుకోవడం లేదా? ఇదీ అంతే.

జాగ్రత్తగా ఉండాలి

గాలి తుపాకీ ఆట వస్తువు కాదు. గుండు తగిలితే కన్ను పోతుంది. ఖాళీగా ఉందనుకున్నా మనిషి వైపు గురి పెట్టకూడదు. పెద్దవాళ్ళు పక్కన లేకుండా పిల్లల చేతికి ఇవ్వకూడదు.

గుండ్లు సీసంతో చేస్తారు. సీసం విషం. పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు మరీ చెడ్డది. గుండ్లు నోట్లో పెట్టుకోకూడదు. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ తర్వాతే అన్నం తినాలి.

వంట గ్యాసు సిలిండరు మీద పరీక్ష గడువు రాసి ఉంటుంది కదా. తుపాకీ సిలిండరుకూ గడువు ఉంటుంది. గడువు దాటితే వాడకూడదు. పాత సామాన్ల గొట్టంతో సొంతంగా సిలిండరు చేయిస్తే పేలిపోయి ప్రాణం మీదికి వస్తుంది. లోహం టైటానియం అయినా సరే.

లేతు మిషను మీద టైటానియం కోస్తే సన్నని తురుము రాలుతుంది. దానికి నిప్పు అంటుకుంటే భగ్గున మండుతుంది. నీళ్ళు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. పొడి ఇసుకతో కప్పాలి. ఇంట్లో ఎవరైనా లేతు పనికి, పాత ఇనుము కొట్టులో పనికి పోతుంటే ఈ మాట తప్పక చెప్పాలి.

బజారులో 'టైటానియం' అని చెప్పి అమ్మే వస్తువులుంటాయి. అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే అది టైటానియం కాదు. అంటుకోకపోయినా టైటానియమే అని నమ్మలేం. కొన్ని స్టీలు రకాలు కూడా అంటుకోవు. పేరు చూసి ఎక్కువ డబ్బు ఇవ్వొద్దు. ఆ వస్తువు ఏ పనికో, ఆ పనికి ఆ లోహం అవసరమో కాదో ముందు అడగండి.

చదివారు కదా, చెప్పండి

1. సిలిండరుకు టైటానియం ఎందుకు మంచిది?
2. గుండు పోయే గొట్టాన్ని ఉక్కుతో ఎందుకు చేస్తారు?
3. టైటానియం తురుము మండితే ఏం చేయాలి?
4. మీ ఇంట్లో ఏ వస్తువు ఏ లోహంతో చేశారు? ఎందుకు? ఐదు పేర్లు రాయండి.