నెత్తురు పడగానే మొలలేనా?

మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమానికి జనం పోటెత్తుతారు. అదే ఊరి నుంచి మొండి కడుపు జబ్బుతో బయల్దేరిన మనిషి మాత్రం కోడూరు, అవనిగడ్డ, మచిలీపట్నం తిరిగి చివరికి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో తేలతాడు. అంతకంటే పెద్ద ఆలస్యం ఇంట్లోనే జరుగుతుంది. విరేచనంలో నెత్తురు కనిపిస్తే ‘మొలలు’ అంటారు, జిగట పడితే ‘అమీబియా’ అంటారు. ఆర్‌ఎంపీ మాత్రలకు నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలవుతుంది. నాట్ల రోజుల్లో, రొయ్యల పట్టుబడి వేళ పని మానుకుని ఆసుపత్రికి పోయేదెవరు? ఆడపిల్లలైతే అమ్మకు కూడా చెప్పరు.

అలా గడిచిన నెలల్లోనే పేగు పాడైపోతుంది. ఆ నెత్తురు, జిగట వెనుక రెండు దీర్ఘకాలిక పేగువాపు జబ్బుల్లో ఒకటి దాగి ఉండొచ్చు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరను పుండు చేస్తుంది. క్రోన్స్ జబ్బు పేగు గోడ మందమంతా పాకుతుంది. వాపు దశలో రెండూ మందులకు లొంగుతాయి. మచ్చకట్టి పేగు ఇరుకైతే మాత్రం చాలామందికి ఆపరేషన్ తప్పదు.

ఇవి పట్నవాసుల రోగాలని చాలాకాలం అనుకున్నారు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రిలో డాక్టర్ రూపా బెనర్జీ, డాక్టర్ నాగేశ్వర్‌రెడ్డి బృందం 2020–22 మధ్య పేగు బాధలున్న 30 వేల మందికి పైగా పరీక్షించింది. తెలంగాణ పల్లెలకు ఎండోస్కోపీ బండినే తీసుకెళ్లింది. అలా పరీక్షించిన వారిలో నూటికి ఐదుగురికి పైగా ఈ రెండింటిలో ఒకటి బయటపడింది. పల్లెకూ పట్నానికీ పెద్దగా తేడా లేదు.

మన దేశంలో ఇంకో చిక్కుంది, అది పేగు క్షయ. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట క్షయ, క్రోన్స్ రెండూ ఒకేలా పుండ్లు పెడతాయి. బయాప్సీ కూడా ఒక్కోసారి తేల్చలేదు. అందుకే అనుమానం తీరనప్పుడు ముందు క్షయ మందులిస్తారు. అది తప్పు కాదు. క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ ఒళ్లంతా పాకే ప్రమాదముంది. కానీ రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేసి పుండు మానిందో లేదో చూడాలి. చాలాచోట్ల జరగనిది ఇదేనని నా బాధ. నీరసం కాస్త తగ్గిందని అవే మాత్రలు కొనసాగిస్తే క్రోన్స్ లోపల ముదురుతుంది. క్షయ మందులు వాడిన క్రోన్స్ రోగుల్లో పేగు ఇరుకవడం ఎక్కువని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2018లో ప్రచురించారు.

త్వరగా, గట్టిగా వైద్యం చేస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో 386 మంది కొత్త క్రోన్స్ రోగులతో జరిగిన ‘ప్రొఫైల్’ అధ్యయనం 2024లో చూపింది. మొదటి నుంచే వాపును అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే బయోలాజిక్ మందుతో పాటు రోగనిరోధకతను అణిచే మందు తీసుకున్నవారిలో 79 శాతం మంది ఏడాది పాటు స్టెరాయిడ్లు, ఆపరేషన్ లేకుండా కుదురుగా ఉన్నారు. జబ్బు తిరగబెట్టినప్పుడల్లా మందు పెంచుకుంటూ పోయినవారిలో అలా ఉన్నది 15 శాతమే.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టే ముందు దాగున్న క్షయ లేదని తేల్చుకోవాలి. దేశంలో తయారయ్యే బయోసిమిలర్లతో (దాన్ని పోలిన చౌక మందులతో) ధర తగ్గినా కౌలు రైతుకు అది బరువే. అలాంటి కొందరికి అజథయోప్రిన్, మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషి ఫలమైన మెథోట్రెక్సేట్ తక్కువ ఖర్చులో ఆసరా అవుతున్నాయి.

నాలుగు వారాలు దాటిన విరేచనాలు, నెత్తురు, నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి రావడం, బరువు తగ్గడం కనిపిస్తే మొలల మందుతో సరిపెట్టకండి. పేగు వాపును పసిగట్టే మలంలోని కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, కొలనోస్కోపీ గురించి డాక్టర్ని అడగండి. నెత్తురు ఆగిందని సొంతంగా మందు మానేయకండి. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఈ రెండు పరీక్షలూ అక్కడే పేదలకు ఉచితంగా అందించాలని ఓటడగడానికి వచ్చిన ప్రతి నాయకుడినీ నిలదీయండి.