లివర్‌వర్టులు: పెరటి నీడలో వాని కొక చోటు

వర్షఋతువున మన జహీరాబాదు నందలి యిండ్ల వెనుక, బావిగట్టు ప్రక్కను, నీళ్లతొట్టి క్రిందను, ఎండ సోకని గోడ మొదటను నేల పచ్చబాఱుట చదువరు లందఱు నెఱిగినదే. దానిని పాచి యని పిలుచుటయు, పండుగకు ముందు పారతో గీకివేయుటయు మన వాడుక. అయితే ఆ పచ్చదన మంతయు నొక్కటి కాదు. కాలు జాఱించు జిగట పాకుడు వేఱు. మెత్తని దిండువలె గుంపుగా మొలచు మాసు వేఱు. నేల కంటుకొని, కొనలయందు రెండేసిగా చీలుచు ప్రాకిపోవు చిన్న పచ్చని పట్టీలు వేఱు. ఈ కడపటి వానినే వృక్షశాస్త్రజ్ఞులు లివర్‌వర్టు లందురు.

ఆ యాంగ్లనామమునకు కాలేయపు మొక్క యని యర్థము. ఏ మొక్క యే యవయవమును పోలియుండునో ఆ యవయవపు రోగమునకు అదియే మందని పూర్వకాలపు ఐరోపావాసులు తలంచిరి. పోలికను బట్టి చేయు వైద్యము శాస్త్రము కాదు గనుక పిల్లలు దీనిని రుచి చూడబోరాదు.

లోకమున నేడువేలకు పైగా లివర్‌వర్టు జాతులు గలవు. అందు పెక్కింటికి సన్నని యాకులు గలవు. అవి తడి యడవులను, కొండ చరియలను మిక్కిలిగా కోరును. మనవంటి పొడి పీఠభూమిలో పెరటియందు కనబడునవి తఱుచుగా పట్టీరూపమున నుండునవే. వీనికి పువ్వులు లేవు, విత్తనములు లేవు, నిజమైన వేళ్లును లేవు. పట్టీ యడుగున వెండ్రుకలవంటి మూలతంతువులు నేలను పట్టుకొనియుండును. నీటిని దేహమంతటితోను పీల్చుకొనును. పురుషకణము స్త్రీకణమును చేరుటకు నీటిపొరలో ఈదుకొని పోవలయును; కావుననే వానలు లేనిదే వీని సంతానవృద్ధి జరుగదు. పిదప పుట్టు సిద్ధబీజములు దుమ్మువలె సూక్ష్మమైనవి. గాలియు నీరును వానిని దూరము కొనిపోవును.

మన నేలలో ముందుగా వెదకదగినది రిక్సియా. 1729వ సంవత్సరమున ఇటలీ దేశస్థుడగు మికేలీ తన గ్రంథమున, రిచ్చీ యను ఫ్లారెన్సు నగరపు పెద్దమనిషి గౌరవార్థమై దీని కీ పేరు పెట్టెను. చిన్న నాణెమంత గుండ్రని పచ్చని పువ్వువలె నేలమీద పఱచుకొనును. ప్రతి పట్టీ నడుమ నొక సన్నని గాడి యుండును. దీని సిద్ధబీజములు పైకి లేచిన కాడపై గాక పట్టీ లోపలనే పండును. పట్టీ క్రుళ్లి నశించినప్పుడు గాని బయటపడవు. ఇంత సామాన్యమైన నిర్మాణము గలది గనుక ఇదియే ఆదిమ మొక్క యని పెక్కురు తలంచిరి. లాహోరులో ఆచార్యుడై యుండిన శివరామ కాశ్యపుడు (1882–1934) అందుకు భిన్నముగా, ఇది పూర్వము సంకీర్ణముగా నుండి క్రమముగా సరళమైన మొక్క యని వాదించెను. నేటి జన్యుపరిశీలనలును ఆయన పక్షమునే నిలుచుచున్నవి. భారతీయ లివర్‌వర్టు పరిశోధనకు ఆయనను పితామహునిగా నెంచుట న్యాయమే.

పాత రాతిగోడల సందులలో ప్లాజియోకాస్మా యుండవచ్చును. ఇది దళసరి పట్టీ. అడుగున ఊదారంగు పొలుసు లుండును. ఎండినపుడు అంచులు లోపలికి ముడుచుకొని, పచ్చదనము మఱుగై, నల్లని దారమువలె తోచును. చీకటి బావుల గోడలయందు మొలచు సయాథోడియము మిక్కిలి పలుచన. మసక వెలుగులో పసిమి కాంతితో మెఱయునట్లు కనబడును. పాఠ్యపుస్తకములలో బొమ్మగా నుండు మార్కాంషియా, చిన్న గిన్నెలలో వానచినుకు తగిలి చిమ్ముకొను మొగ్గలు గలది, చల్లని కొండ సీమలకు ప్రియమైనది. మన పెరటిలో అది రాకపోయిన చిన్నబుచ్చుకొన నక్కఱలేదు.

మన ప్రాంతమునకు ఒక భాగ్యము కలదు. ఇక్కడను, పొరుగుననున్న బీదరు వైపునను, నల్లరాతిపై ఎఱ్ఱని లాటరైటు రాయి పఱచుకొనియున్నది. ఈ రాయి రంధ్రములతో నిండినది. వాననీటిని లోనికి పీల్చుకొని మెల్లగా విడుచును. అట్టి రాయి రెండు మూడు ముక్కలను ఉత్తరపు గోడ నీడలో సగమువఱకు భూమిలో పాతిపెట్టిన, దానిచుట్టు తేమ నిలుచును. ఇదియే మొదటి పని. రెండవది, మూరెడు నేలను త్రవ్వక, దున్నక, చేతితో అణచి చదునుచేసి విడిచిపెట్టుట. వదులు మన్ను కంటె గట్టి నేలపైననే యివి చక్కగా పట్టుకొనును. ఎరువు వేయరాదు; వేసినచో గడ్డి బలిసి వీనిని మూసివేయును. జామ, మామిడి ఆకులు రాలినపుడు వానిని చేతితో ఏఱివేయవలెను. ఏలయన రెండు వారములు ఆకు క్రింద నున్న పట్టీ తెల్లబాఱి క్రుళ్లును. సబ్బునీరు, సున్నపునీరు, పాచిని చంపు పొడులు అటు పాఱనీయరాదు. తెఱపి దినములలో వాననీటిని పట్టి యుంచుకొని చిలుకరించుట మేలు. కొన్ని గొట్టపుబావుల నీరు నేలపై తెల్లని ఉప్పు పెచ్చును మిగుల్చును.

మొక్కను ఎక్కడినుండి తెత్తుమని కొందఱడుగుదురు. తేనక్కఱలేదు. నేల అనుకూలమైన సిద్ధబీజములు తామే వచ్చును. ఒక వానకారు చాలవచ్చును, రెండు పట్టవచ్చును. తొందరగలవారు తమ యింటి గోడనుండియే గోరంత ముక్కను తీసి తడినేలపై నొత్తవచ్చును. దూరపు కొండలనుండి పెల్లగించి తెచ్చుట యా కొండకును నష్టము, మనకును వ్యర్థము.

ఇక గృహమాతల యాక్షేపణ. ముంగిలి పేడనీళ్లు చల్లి ఊడ్చి ముగ్గు వేయు చోటు; అక్కడ లివర్‌వర్టు మాట యెత్తకుడు. దారిలోను, స్నానపు గదియొద్దను పచ్చదనము గీకివేయుట మంచిదే. వృద్ధులు జాఱిపడిన నే శాస్త్రమును వారి యెముకను వెంటనే అతుకలేదు. మనము కోరునది నడక లేని పెరటి మూల ఒక్క మూరెడు మాత్రమే. ఆ మూరెడు నేలపై చినుకు పడినప్పుడు మన్ను చెదరక యుండుట, ప్రక్కనున్న బోడినేల కొట్టుకొనిపోవుట అమ్మకు చూపిన, అనుమతి సులభముగా దొరకును. కోళ్లు మాత్రము అనుమతి నడుగవు. వానికి కంప అడ్డముగా వేయుడు.

పాత బావులు పూడ్చబడి, పెరళ్లు సిమెంటు క్రిందికి పోవుచున్న యీ దినములలో, తడి నీడగల మట్టి యింటికొక మూల మిగులుట చిన్న సంగతి కాదు. బావిగోడ పోయిన, అందలి సయాథోడియమును పోవును. దానికి ఎండలో మఱియొక చోటు లేదు.

మార్చి వచ్చునప్పటికి అంతయు గోధుమవన్నె పొరగా ఎండిపోవును. అప్పుడు చచ్చినదని త్రవ్వివేయకుడు, నీరును పోయకుడు. కొన్ని రిక్సియా జాతుల పట్టీలు పూర్తిగా నశించినను సిద్ధబీజములు మట్టిలో నిలిచియుండును. మఱికొన్నిటి పట్టీల కొనలు ఎండియు ప్రాణముతో నుండును. ప్లాజియోకాస్మాయు నట్టిదే. విద్యార్థులు ఏప్రిలులో ఎండిన పట్టీ నొకదానిని కాగితములో మడిచి, తేదీ వ్రాసి యుంచి, జూను మాసమున పాఠశాల తెఱచినపుడు తడిగుడ్డపై పెట్టి భూతద్దముతో చూడుడు. ముడుచుకొన్న యంచులు విచ్చుకొనుటకు ఎంత సేపు పట్టెనో, క్రొత్త పచ్చదనము కొనయందా, నడుమనా మొదలయ్యెనో వ్రాసికొనుడు.