వ్యాను కొనేముందు బరువు వేసి చూశారా?

మా తమ్మునికి రెండెకరాల టమోటా తోట ఉన్నది. మదనపల్లె మార్కెట్టుకు సరుకు తోలాలంటే ఎప్పుడూ బాడుగ బండే. ధర పడిపోయిన రోజున చేతికి వచ్చినది బాడుగకు కూడా చాలదు. అందుచేత పోయిన ఏడు, మనమే ఒక చిన్న లోడు వ్యాను తీసుకొంటే ఏమని వాడికి ఆలోచన వచ్చినది. మొదటి కంతుకు మా మరదలి గాజులు కుదువపెట్టాలని కూడా అనుకొన్నారు.

ఈ తరహా వ్యాను మనకు కొత్త కాదు. మారుతి వ్యాను 1984లోనే వచ్చినది. తరువాత ఆమ్నీ అని పేరు మారి, 2019లో తయారీ ఆగిపోయినది. 2010లో వచ్చిన ఈకో ఇప్పుడు ఆ పనులన్నీ చేస్తున్నది. అందులో వెనుక సీట్లు లేకుండా సరుకు కోసమే చేసిన కార్గో రకం కూడా ఉన్నది. వీటిలో ఇంజను ముందు సీట్ల క్రింద ఉంటుంది, వెనుక చక్రాలు బండిని త్రోస్తాయి.

షోరూముకు నేనూ తమ్ముడూ కలిసి వెళ్లినాము. అక్కడి అబ్బాయి ఖాళీ వ్యానును నాలుగు వరుసల రోడ్డు మీద రెండు మైళ్లు త్రిప్పించినాడు. నీళ్లు పోసినంత సులువుగా పోయినది. సంతోషంగా ఇంటికి వచ్చి చెప్పుకొంటుంటే మా మరదలు ఒకటే మాట అడిగినది: "టమోటాలు వేసి చూసినారా, బావా?"

చూడలేదు. చూడాలని తోచనే లేదు.

మా మేనమామ కొడుక్కి అటువంటి వ్యానే ఉన్నది. అంగళ్లకు బ్రెడ్డు, బన్నులు వేస్తాడు. పెట్రోలు మేమే పోయించి ఒక పూటకు అడిగి తెచ్చుకొన్నాము. మొదట ఆర్‌సీ తీసి చూసినాము. అందులో ఖాళీ బండి బరువు, మొత్తం బరువు అని రెండు అంకెలుంటాయి. రెండవదానిలో నుండి మొదటిది తీసివేస్తే మిగిలేదే మనం వేయదగిన బరువు. డ్రైవరూ, ప్రక్కన కూర్చున్నవాడూ దానిలోనే లెక్క. మా తమ్ముడు పెట్టె 25 కిలోల చొప్పున 25 పెట్టెలు వేయవచ్చునని మనసులో అనుకొన్నాడు. తీసివేత చేస్తే ఆ లెక్క నిలువలేదు. 16 పెట్టెలు, అంటే 400 కిలోలు వేసి, మేమిద్దరం ఎక్కినాము.

పాఠకులారా, అదే బండి వేరే బండి అయిపోయినది! చెరువు కట్ట ఎక్కేచోట సగంలో ఆపి, హ్యాండుబ్రేకు వేసి, మళ్లీ కదిలించి చూసినాము. మొదటి గేరులో ఇంజనును గట్టిగా ఉరికించి, క్లచ్చు మెల్లగా వదిలితేనే కదిలినది. దిగేటప్పుడు ఖాళీ బండి ఆగే చోటుకంటే ఎంతో ముందుకు పోయి ఆగినది. బరువున్న బండి గుణమే అది, తప్పు కాదు. అయితే నడిపేవాని కాలికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. వెనుకకు తీసేటప్పుడు డబ్బా మూసి ఉన్నందున లోపలి అద్దంలో పెట్టెలు తప్ప ఏమీ కనబడలేదు. ప్రక్క అద్దాలే దిక్కు. ఒక మంచి కూడా చెప్పాలి. మా తోట దారి బురదలో ఖాళీగా పోయినప్పుడు వెనుక చక్రాలు జారినవి. బరువు పడిన తరువాత అదే బురదలో నేలను పట్టుకొన్నవి.

అసలు సంగతి బండి ఆపిన తరువాత తెలిసినది. ఎండలో అరగంట నిలిపి తలుపు తీస్తే లోపలి నుండి ఆవిరి కొట్టినది. కోసిన టమోటా కూడా ఊపిరి తీస్తుంది, వేడినీ తేమనూ వదులుతుంది. దానికి గాలి ఆడాలి. మూసిన డబ్బా బ్రెడ్డుకు మేలు, ఎందుకంటే దుమ్ము పడదు, వాన తడపదు. మా బావకు అది సరియైన బండే. టమోటాకు మాత్రం వెనుక తెరచి ఉన్న చిన్న ట్రక్కు నయమని నాకు తోచినది. 2005లో వచ్చిన టాటా ఏస్ మొదటి రకానికి రెండు సిలిండర్ల డీజిలు ఇంజను, 750 కిలోల లోడు. పల్లెలలో అటువంటివి ఎందుకంత నిండిపోయినవో ఆ రోజున అర్థమైనది.

కాగితాల సంగతి కొంత. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు. కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పినది. ఫిట్‌నెస్ మాత్రం ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటేటా చేయించాలి. అధిక లోడుకు 2019 సవరణ చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఇంకొకటి: పెళ్లికనో, కూటములకనో లోడు బండి వెనుక మనుషులను ఎక్కించడం మనలో మామూలైపోయినది. అది చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమావారు బాధ్యత తమది కాదంటారు.

ఆ సాయంత్రం బావకు వ్యాను అప్పగించి, వెనుక చిందిన టమోటా రసం కడిగి వచ్చినాము. ఈ పంట అయిన తరువాత తెరచిన ట్రక్కొకటి తెచ్చి, ఇదే కట్ట మీద, ఇవే పెట్టెలతో నడిపి చూద్దామన్నాడు తమ్ముడు. మరదలి గాజులు ఇంకా ఆమె చేతికే ఉన్నవి.