గర్భాశయ ముఖానికి చికిత్స జరిగిన తరువాత సంతానం

గత కార్తీకమాసంలో ఒక సాయంత్రం 29 ఏళ్ల యువతి భర్తతోను, అత్తగారితోను నా వైద్యశాలకు వచ్చింది. అంతకు నాలుగు మాసాల ముందు పాప్ స్మియర్ పరీక్షలో ఆమె గర్భాశయ ముఖద్వారం వద్ద కణాలలో మార్పు కనిపించింది. చిన్న ముక్క తీసి పరీక్షించగా సి.ఐ.ఎన్. మూడవ తరగతి అని తేలింది. ఆసుపత్రిలో "లీప్" అనే పద్ధతిలో ఆ భాగాన్ని తొలగించారు.

"అయ్యా, గర్భసంచికి కత్తి తగిలింది. ఇక మా ఇంట ఊయల కట్టే యోగం ఉన్నట్లా, లేనట్లా?" అని అత్తగారు అడిగారు. కోడలు తల ఎత్తలేదు. వేపాకు, పసుపు కలిపి నూరిన ముద్దను లోపల ఉంచుకోమని ఎవరో చెప్పగా, ఆ ప్రయత్నానికి అనుమతి అడగడానికే వారు వచ్చారు.

మొట్టమొదట ఆ ముద్ద వద్దని చెప్పాను. మానుతున్న పుండుపై ఆకుముద్దలు, పటిక నీళ్లు, క్షారాలు పెట్టడం వలన ఒరుపు, అంటుదోషం కలుగుతాయే గాని కణాల మార్పు పోదు. యోనిపిచువు, ఉత్తరవస్తి వంటివి మన శాస్త్రంలో ఉన్న మాట నిజమే. ఎప్పుడు చేయకూడదో తెలిసినవాడే వాటిని చేయాలి.

ఈ వ్యాధిని గురించి మన గ్రంథాలలో ఉన్నదా అని చాలామంది అడుగుతారు. చరకుడు 20 యోనివ్యాపత్తులను వర్ణించాడు. కాని ఈ మార్పు సూక్ష్మదర్శినికి తప్ప కంటికి చిక్కదు. నొప్పి ఉండదు, తెలుపు కూడా కాకపోవచ్చు. గురుముఖంగా నేను నేర్చిన నాడీపరీక్షతో దీనిని పట్టగలనని చెప్పుకుంటే అది అబద్ధం. దీనికి కారణం హెచ్.పి.వి. అనే వైరస్. ఈ సంబంధాన్ని కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ త్సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ మార్పు క్యాన్సరు కాదు. ఉపేక్షిస్తే కొందరిలో ఏళ్ల తరబడి ముదిరి క్యాన్సరుగా మారవచ్చు గనుకనే ముందుగా తొలగిస్తారు.

భర్త నన్ను పక్కకు పిలిచి, ఈ వైరస్ ఎవరి నుండి వచ్చిందని మెల్లగా అడిగాడు. దాంపత్య జీవితం గడిపే స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, చాలామందిలో దానంతట అదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటుంది. ఎప్పుడు, ఎవరి నుండి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. దీనిని పట్టుకొని భార్య శీలాన్ని శంకించడం అజ్ఞానం. ఈ మాట అతనితో కొంచెం గట్టిగానే అన్నాను.

ఇక సంతానం మాట. గర్భధారణకు ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ కుదరాలని సుశ్రుతుడు చెప్పాడు. లీప్‌లో విద్యుత్తు ప్రవహించే సన్నని తీగతో ముఖద్వారపు పై పొరను మాత్రమే తీస్తారు. అండాశయాలు, నాళాలు, గర్భాశయపు లోపలి పొర చెక్కుచెదరవు. పొలం అలాగే ఉంది, గట్టు మీది మట్టి కొంత తీశారు, అంతే. ఇప్పటివరకు జరిగిన పరిశోధనలు కూడా ఈ చికిత్స వలన గర్భం దాల్చే అవకాశం తగ్గినట్లు చూపలేదు. అరుదుగా మానిన మచ్చ వలన ద్వారం ఇరుకవుతుంది. చికిత్స తరువాత ఋతుస్రావం బాగా తగ్గినా, ఆగిపోయినా, మునుపు లేని నొప్పి వచ్చినా స్త్రీవైద్యురాలికి చూపించుకోవాలి.

అయితే గట్టు పలచబడిన సంగతి నీరు నిండినప్పుడు తెలుస్తుంది. అనగా గర్భం నిలిచిన తరువాత. లోతుగా, ముఖ్యంగా 10 మిల్లీమీటర్లకు మించి తీసినవారిలోను, రెండుసార్లు తీసినవారిలోను నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది. కణాలను గడ్డకట్టించి లేదా వేడితో నశింపజేసిన వారిలో ఈ భయం తక్కువ.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. సుమారు 20 ఏళ్ల క్రితం మూడవ నెల గర్భిణి ఒకామె వాంతులకు మందు కోసం వచ్చింది. పూర్వం ముఖద్వారానికి శస్త్రచికిత్స అయిందని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఐదవ నెలలో నొప్పులు లేకుండానే గర్భం జారిపోయింది. ఆ చికిత్సయే కారణమని నిశ్చయించలేను. కాని అడిగి ఉంటే ఆమెను సకాలంలో స్కానింగుకు పంపి ఉండేవాడిని. 16 నుండి 24 వారాల మధ్య ముఖద్వారపు పొడవును కొలుస్తారు. అది 25 మిల్లీమీటర్ల కన్న తగ్గితే కుట్టు వేయడమో, ప్రొజెస్టిరాన్ ఇవ్వడమో చేస్తారు. కనుక ఎంత లోతు తీశారో తెలిపే కాగితాన్ని పారవేయకండి. గర్భం నిలిచిన మొదటి నెలలోనే దానిని వైద్యురాలికి చూపండి.

చికిత్స తరువాత కనీసం నాలుగు వారాలు సంసారం పనికిరాదు. ఆరవ నెలలో పునఃపరీక్ష చేయించుకొని, వైద్యురాలి అనుమతితో ప్రయత్నం ఆరంభించడం మంచిది. 35 దాటినవారు ఈ వ్యవధిని ముందే మాట్లాడుకోవాలి. ఆ వయసులోపు వారికి ఏడాది, దాటినవారికి ఆరు మాసాల ప్రయత్నం ఫలించకపోతే భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. బీజదోషం పురుషునిలో ఉండగా పాత చికిత్సను నిందించిన సంసారాలను ఎన్నో చూశాను.

ఆ అమ్మాయికి నేనిచ్చినది స్వల్పమే. రాత్రి పాలతో అర చెంచా శతావరి చూర్ణం, ఆహారంలో ఉసిరిక, పెసలు, నువ్వులు, మునగాకు, కాస్త నెయ్యి. ఇవి బలానికే, వైరస్‌కు మందు కావు. రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్రను గర్భానికి ముందు నుండే వేసుకోమన్నాను. ఆంగ్లవైద్యుల మాత్ర కదా అని దానిని పక్కన పెట్టడం తగదు. సంతానం కోరేవారు భస్మాలు, రసౌషధాలు అంగడిలో కొని సొంతంగా వాడకూడదు. పొగ తాగేవారిలో ఈ వైరస్ త్వరగా వదలదు గనుక భర్తను ఇంట సిగరెట్టు మానమన్నాను.

పుష్యమాసంలో ఆమె పునఃపరీక్ష నిర్మలంగా వచ్చింది. చైత్రంలో నెల తప్పింది. ఇప్పుడు ఐదవ నెల. మొన్నటి స్కానింగులో ముఖద్వారం 34 మిల్లీమీటర్లు ఉన్నదని అత్తగారే వచ్చి చెప్పి, రెండు వారాల తరువాత మళ్లీ కొలుస్తారట అన్నారు.