మీకు తెలుసా? మందుకు తోడు పుస్తకం

పఠనాన్ని వైద్యంలో వాడడం పాత ఆలోచనే. ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ 19వ శతాబ్దం తొలినాళ్లలోనే మానసిక రోగులకు చదువు మేలు చేస్తుందన్నారు. ‘బిబ్లియోథెరపీ’ అన్న మాట 1916లో శామ్యూల్ క్రోథర్స్ వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బులో ఈ పద్ధతికి ప్రత్యేకమైన చోటుండవచ్చు. ఎవరూ లేకుండానే మాటలు వినిపించడాన్ని, లేనిపోని అనుమానాలను మందులు చాలామందిలో బాగా తగ్గిస్తాయి. ఏకాగ్రత కుదరకపోవడం, మతిమరుపు, నలుగురిలో కలవలేకపోవడం మాత్రం వాటికి అంతగా లొంగవు. కథ చదవాలంటే జరిగింది గుర్తుంచుకోవాలి, పాత్ర మనసులో ఏముందో ఊహించాలి. జబ్బు దెబ్బతీసే శక్తులు సరిగ్గా ఇవే.

కథలు భ్రమల్ని పెంచవా అన్న సందేహం సహజం, కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే జబ్బు తీవ్రత తగ్గాక, చిన్న రచనను నలుగురూ కూర్చుని పైకి చదివి మాట్లాడుకోవడం మేలు. ఇలా కలిసి చదవడమే లివర్‌పూల్‌లో పుట్టిన ‘ది రీడర్’ సంస్థ పద్ధతి. ఆధారాలు చాలవన్న అభ్యంతరం ఇంకా బలమైనది: సాహిత్యం చదివితే ఎదుటివారి మనసు బాగా తెలుస్తుందన్న 2013 నాటి ప్రయోగ ఫలితం 2016లో మళ్లీ పరీక్షిస్తే నిలవలేదు. కనుక పుస్తకాన్ని మందుకు బదులుగా చూడకూడదు. ఇంట్లో ఈ జబ్బుతో ఉన్నవారుంటే మందులు ఆపకండి. డాక్టరును అడిగి, రోజూ ఒక పేజీ పక్కన కూర్చుని చదివి వినిపించండి.