సముద్రతీర ఇసుక భర్తీ

కోతకు గురై వెడల్పు తగ్గిన సముద్రతీరానికి వేరొక చోటి నుండి ఇసుకను తెచ్చి చేర్చి, దానిని తిరిగి విశాలం చేసే ప్రక్రియను సముద్రతీర ఇసుక భర్తీ అంటారు. ఇంజనీర్ల వాడుకలో దీనికి బీచ్ నరిష్‌మెంట్ అని పేరు. రాతి గోడలు అలలను ఎదిరించి నిలబడటానికి ఉద్దేశించినవి కాగా, ఇసుక భర్తీ అలల శక్తిని విశాలమైన తీరం మీద ఖర్చయ్యేలా చేస్తుంది. అయితే ఇది కోతకు కారణాన్ని తొలగించదు. కోల్పోయిన ఇసుకను మాత్రమే తిరిగి ఇస్తుంది. అందువలన దీనిని ఒక్కసారితో ముగిసే నిర్మాణంగా కాక, నిర్ణీత కాలానికి మరల మరల చేయవలసిన నిర్వహణగా భావించాలి.

తీరం కోతకు కారణాలు

తీరంలోని ఇసుక ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. అలలు ఒడ్డును ఏటవాలుగా తాకినపుడు ఇసుక రేణువులు తీరం వెంబడి ఒక దిక్కుగా ప్రయాణిస్తాయి. ఒక తీరభాగంలోనికి వచ్చే ఇసుక, అక్కడి నుండి పోయే ఇసుక సమానంగా ఉన్నంతవరకు తీరరేఖ నిలకడగా ఉంటుంది. ఈ జమాఖర్చులలో జమ తగ్గితే కోత మొదలవుతుంది. నదులపై ఆనకట్టలు కట్టడం వలన సముద్రానికి చేరే ఇసుక తగ్గడం, నదీగర్భంలో ఇసుక తవ్వకాలు, ఓడరేవుల కొరకు సముద్రంలోనికి కట్టిన అడ్డుగోడలు, సముద్రమట్టం పెరుగుదల ఇందుకు ముఖ్య కారణాలు.

ఋతువును బట్టి కలిగే మార్పును శాశ్వతమైన కోతగా పొరబడకూడదు. ఉధృతమైన అలలు ఒడ్డున ఉన్న ఇసుకను కొంత లోనికి తీసుకొనిపోయి నీటి అడుగున మేటగా వేస్తాయి. సముద్రం శాంతించిన నెలలలో అదే ఇసుక తిరిగి ఒడ్డుకు చేరుతుంది.

ప్రణాళిక

ముందుగా తీరం ఎంత వేగంగా, ఏ కారణం చేత కోతకు గురవుతున్నదో నిర్ధారిస్తారు. ఇందుకు పాత పటాలు, ఉపగ్రహ చిత్రాలు, అన్ని ఋతువులలో తీసిన తీరపు కొలతలు, అలల ఎత్తు, దిశల వివరాలు అవసరం. ఒక్క ఋతువు కొలతలతో చేసిన అంచనా తప్పుదారి పట్టించవచ్చు.

రెండవది ఇసుక ఎంపిక. తెచ్చే ఇసుక రేణువులు స్థానిక ఇసుకతో సమానంగా గాని, కొంచెం ముతకగా గాని ఉండాలి. సన్నని ఇసుక తక్కువ వాలులో పరుచుకుంటుంది కనుక, ఒడ్డు అదే వెడల్పున నిలవాలంటే ఎక్కువ ఇసుక కావలసివస్తుంది. బంకమన్ను, బురద పాలు ఎక్కువగా ఉంటే నీరు చాలాకాలం కలకగా ఉంటుంది. ఇసుకను తీరానికి మరీ దగ్గరగా తవ్వితే ఒడ్డు నుండే ఇసుక ఆ గుంటలోనికి జారిపోవచ్చు.

మూడవది పరిమాణం లెక్క. నీటిపైన కనిపించే భాగానికి మాత్రమే ఇసుక లెక్కిస్తే సరిపోదు. అలల వలన ఇసుక చెప్పుకోదగినంతగా కదిలే లోతు వరకు తీరపు వాలు మొత్తం సముద్రం వైపు జరగాలి. ఉదాహరణకు 1 కిలోమీటరు తీరాన్ని 30 మీటర్లు వెడల్పు చేయాలనుకుందాం. పొడి ఇసుక మెట్ట ఎత్తు నీటిమట్టానికి 2 మీటర్లు, ఇసుక కదలిక ఆగే లోతు 6 మీటర్లు అయితే, కావలసిన ఇసుక 1000 × 30 × (2 + 6) = 2,40,000 ఘనపు మీటర్లు. లారీకి 10 ఘనపు మీటర్ల చొప్పున ఇది 24,000 లారీల ఇసుక. పెద్ద భర్తీలకు సముద్రగర్భపు ఇసుకనే ఎక్కువగా వాడటానికి ఇది ఒక కారణం.

భర్తీ చేసే పొడవు కూడా ముఖ్యమే. చేర్చిన ఇసుక అలల వలన రెండు పక్కలకూ విస్తరిస్తుంది. సిద్ధాంతరీత్యా, ఇతర పరిస్థితులు ఒకటే అయితే, పొడవు రెట్టింపు చేసినపుడు ఇసుక నిలిచే కాలం సుమారు నాలుగు రెట్లవుతుంది. కనుక చిన్న ముక్కలుగా చేసిన భర్తీలు త్వరగా కరిగిపోతాయి.

నాలుగవది కాలనిర్ణయం. ఆంధ్ర తీరంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల అలలు ఉధృతంగా ఉంటాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల భయం ఉంటుంది. ఆ తరువాత సముద్రం శాంతించే నెలలలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. అందువలన పనికి అనువైన గడువు చాలా తక్కువ. భారతదేశంలో తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలు మొదట 1991లోను, తరువాత మార్పులతో 2011, 2019లలోను వెలువడినవి. ప్రణాళిక వీటికి లోబడి ఉండాలి.

అమలు

సముద్రగర్భం నుండి ఇసుకను తీయడానికి సాధారణంగా తొట్టి గల డ్రెడ్జర్ ఓడను వాడతారు. ఇది అడుగున గొట్టాన్ని ఈడ్చుకుంటూ ఇసుకను నీటితో సహా పీల్చి తన తొట్టిలో నింపుకుంటుంది. తరువాత ఆ ఇసుకను మూడు విధాలుగా చేర్చవచ్చు.

* ఒడ్డుకు సమీపంలో తొట్టి అడుగు తలుపులు తెరచి నీటిలో వదలడం. అలలు కొంతభాగాన్ని క్రమంగా ఒడ్డుకు చేరుస్తాయి.
* ఓడ ముందుభాగం నుండి ఇసుక నీటిని ఇంద్రధనుస్సు ఆకారంలో ఎగజిమ్మడం.
* గొట్టాల ద్వారా నేరుగా ఒడ్డు మీదికి పంపు చేయడం.

మూడవ పద్ధతిలో ఒడ్డున తాత్కాలికంగా ఇసుక గట్లు కడతారు. నీరు వాటి వెంట నెమ్మదిగా పారి సముద్రంలో కలుస్తుంది, ఇసుక నిలిచిపోతుంది. బుల్డోజర్లు దానిని కావలసిన వాలుకు సరిచేస్తాయి. పనికి ముందు, తరువాత కొలతలు తీసి చేరిన ఇసుకను లెక్కగడతారు.

పని ముగిసిన వెంటనే తీరం కావలసినదాని కంటే వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. మొదటి కొన్ని నెలలలో అలలు దానిని సహజమైన వాలుకు తీసుకువస్తాయి. అపుడు ఒడ్డు కుంచించుకుపోయినట్లు కనబడి, డబ్బు సముద్రం పాలయిందనే అభిప్రాయం కలుగుతుంది. నిజానికి ఆ ఇసుకలో చాలాభాగం నీటి అడుగున ఉండి అలల బలాన్ని తగ్గిస్తూనే ఉంటుంది. ఈ విషయాన్ని ప్రజలకు ముందే తెలియజేయడం మంచిది.

విశాఖపట్నం తీరం

ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక భర్తీకి ప్రధానమైన ఉదాహరణ విశాఖపట్నం. ఇక్కడ ఏడాది మొత్తం మీద ఇసుక ప్రయాణం దక్షిణం నుండి ఉత్తరానికి ఎక్కువ. 1933లో ప్రారంభమైన ఓడరేవుకు 1970వ దశకంలో అడ్డుగోడలతో వెలుపలి హార్బరును నిర్మించారు. దక్షిణం నుండి వచ్చే ఇసుక ఓడల మార్గాన్ని పూడ్చకుండా అక్కడే ఆపడానికి ఇసుక గుంటను ఏర్పాటు చేశారు. దానిలో చేరిన ఇసుకను డ్రెడ్జర్లతో తీసి ఉత్తరాన ఉన్న నగర తీరానికి చేర్చడం ఆనవాయితీ. అంటే అడ్డుగోడలు లేకుంటే అలలే ఉచితంగా చేసే పనిని యంత్రాలు ఖర్చుతో చేస్తున్నవి.

ఈ బదిలీ చాలనపుడు రామకృష్ణా బీచ్, దాని పరిసరాలు కోతకు గురవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటినపుడు బీచ్ రోడ్డు తీవ్రంగా దెబ్బతిన్నది. నష్టపోయేది విహారస్థలం మాత్రమే కాదు. పడవలను ఒడ్డుకు లాగి నిలుపుకొనే, వలలు ఆరబెట్టుకొనే మత్స్యకారులకు ఇసుక మేరయే పనిచేసే చోటు. రాతి గోడ వెనుకనున్న రోడ్డును కాపాడగలదు గాని ఆ చోటును తిరిగి ఇవ్వలేదు.

ఇతర ఉదాహరణలు

* కోనీ ఐలాండ్, న్యూయార్క్: 1922-23లో ఇక్కడ జరిగిన భర్తీని అమెరికాలో మొదటి పెద్ద ప్రయత్నంగా పేర్కొంటారు.
* నెదర్లాండ్స్: తీరరేఖను ఇసుకతోనే నిలుపుకోవాలని 1990లో విధాననిర్ణయం చేశారు. 2011లో 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకతో "శాండ్ మోటార్"ను నిర్మించారు. ఒకేచోట పోసిన ఇసుకను గాలి, అలలు ఏళ్ల తరబడి పక్క తీరాలకు పంచడం దీని ఉద్దేశం.
* ట్వీడ్ నది, ఆస్ట్రేలియా: నదీముఖం వద్ద ఆగిన ఇసుకను 2001 నుండి స్థిరమైన పంపులతో గోల్డ్ కోస్ట్ వైపుకు పంపుతున్నారు.
* పుదుచ్చేరి: 1980వ దశకంలో కట్టిన రేవు అడ్డుగోడల వలన ఉత్తర తీరం ఇసుకను కోల్పోయింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018లో నీటిలో ఉక్కు దిబ్బను అమర్చి, ఇసుక భర్తీతో కలిపి తీరాన్ని కొంతవరకు పునరుద్ధరించింది.

పర్యావరణ ప్రభావం, పరిమితులు

కొత్త ఇసుక కింద ఆలిచిప్పలు, పీతలు, పురుగులు కప్పబడిపోతాయి. వీటిని తినే చేపలు, పక్షులకు కొంతకాలం ఆహారం తగ్గుతుంది. ఇసుక గట్టిపడినా, అంచు నిటారుగా తెగినా తాబేళ్లు గూడు చేసుకోలేవు. ఇసుక తవ్విన చోట సముద్రగర్భ జీవులు నశిస్తాయి. ఒడ్డు నుండి లాగే వలలతో చేపలు పట్టేవారికి గొట్టాలు అడ్డమవుతాయి.

అన్నిటికంటే పెద్ద పరిమితి కొనసాగింపు. జమాఖర్చులలోని లోటు ఉన్నంతకాలం ఇసుక పోతూనే ఉంటుంది. తీరం విశాలమైనదని దానికి మరింత దగ్గరగా భవనాలు కడితే, తరువాతి భర్తీ ఆగిన నాడు నష్టం ఇంకా ఎక్కువవుతుంది. కావున మొదటి భర్తీకి నిధులు కేటాయించేటపుడే ఏటా కొలతలకు, తరువాతి భర్తీలకు కూడా ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* విశాఖపట్నం ఓడరేవు
* రామకృష్ణా బీచ్
* హుద్‌హుద్ తుఫాను
* ఆలివ్ రిడ్లీ తాబేలు