మీకు తెలుసా? కంటికి కట్టే మాటలు

కొత్తపేట దాటి గోదావరి లంకల్లోకి దిగితే, వంగతోట మధ్యలో కర్రకు బోర్లించిన నల్లకుండ ఉంటుంది. దానికి సున్నంతో తెల్లటి చుక్కలు, రెండు గుడ్లు, కోరలు. ఆ పక్క ఇంటి అరుగు మీద చంటిపిల్ల బుగ్గన కాటుక చుక్క. కుండ మీద తెలుపు, బుగ్గ మీద నలుపు. రెండిటి పనీ ఒకటే. ‘దిష్టి’ అంటే మరేం కాదు, సంస్కృతం ‘దృష్టి’ మన నోట్లో నలిగి అలా అయింది. చూసేవాడి చూపు కాపు మీదా పిల్ల మీదా కాక ముందు ఆ చుక్క మీద పడాలని. గుర్తుకీ మంత్రానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఇంకెక్కడా చూడం.

మంత్రగాళ్ళ మాటలు చాలామటుకు కంటి దగ్గరే తిరుగుతాయి. కనికట్టు అంటే కన్నుకు కట్టు, ఉన్నది కనపడకుండా చెయ్యడం. మరి ‘కళ్ళకు కట్టినట్టు చెప్పాడు’ అంటే? లేనిది కూడా కనపడేలా చెప్పాడని! అదే కన్ను, అదే కట్టు, అర్థం మాత్రం తిరగబడింది. అంజనం అంటే కాటుకే. పోయిన వస్తువు ఎక్కడుందో తెలియాలంటే తమలపాకుకో అరచేతికో అది రాసి, అందులోకి చూడమనేవారు. ‘అంజనం వేసినా దొరకడు’ అన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. అప్పు తీసుకున్నవాళ్ళ విషయంలో ఇప్పటికీ బాగా పనికొస్తోంది.

తీర్థాల్లో గారడీవాడి బుట్టలో పాముండటం ఊరికే కాదు. గారడికి మూలం ‘గారుడం’, గరుత్మంతుడి పేర పాము విషం దించే విద్య.

గుర్తుల్లో కాస్త కఠినమైనది అచ్చు. కోడెదూడకు కాల్చిన ఇనుముతో అచ్చువేసి దేవుడి పేర వదిలేసేవారు. ఎవరి చేలో పడి మేసినా కట్టెయ్యడానికి లేదు. అదే అచ్చోసిన ఆంబోతు.

చేతబడిని తెలంగాణలో బాణామతి అంటే, గోదావరి వైపు చిల్లంగి అంటారు. అది చేస్తారన్న అనుమానంతో దెబ్బలు తిన్నవాళ్ళున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకైతే చిల్లంగికన్నా చిల్లగింజే పెద్ద మాయ. వరదలప్పుడు గోదావరి ఎర్రనీరు పట్టేముందు, ఈ గింజను కుండ లోపలి గోడకు అరగదీసేవారు. గింజలోని పదార్థం నీళ్ళలో తేలే మట్టి రేణువులను ఒకదానికొకటి అంటిస్తుంది. బరువెక్కి అవి అడుక్కి దిగిపోతాయి, పైన తేటనీరు నిలుస్తుంది. ఇండుపగింజ అన్నా ఇదే. తేరాయి కదా అని ఆ నీళ్ళు కాచకుండా మాత్రం తాగకండేం.